పిలుపు విన్నీది

సెయింట్ పాట్రిక్ పండగ సాయంత్రం మా చెల్లెలు ఎత్నా టీవీలో పాడుతుందని అమ్మ ఊరందరినీ పిలిచి వంటింట్లో కూర్చోబెట్టింది. ఊరంటే ఎంత గనక, డెర్రీవీన్ మొత్తానికి ఏడెనిమిది గడపలు. టీవీకి ఎదురుగా ఉన్న మంచి కుర్చీ పక్కింటి నోనీ అత్తకి. తలుపు దగ్గర బల్ల మీద ముసలి ఫెస్టీ, చేతిలో అమ్మ పోసిన విస్కీ. నేను రొట్టె ముక్కలకి వెన్న రాస్తూ నిలబడే ఉన్నాను. ఆ ఇంట్లో నేను కూర్చున్నదెప్పుడు!

ఎత్నా తెర మీదికి రాగానే అమ్మ, "జుట్టయినా దువ్వుకోలేదు దిక్కుమాలిన పిల్ల," అంది. ముఖం మాత్రం వెలిగిపోతోంది. డబ్లిన్ వీధుల్లో టోపీ ముందు పెట్టుకొని పాడిన పిల్ల, లండన్‌లో రికార్డులు చేసి, దేశదేశాలు తిరిగి, ఇవాళ పండగ పూట అందరూ చూసే కార్యక్రమంలో పాడుతోంది మరి. మొదటి చరణం పాడింది. ఫెస్టీ కళ్ళు తుడుచుకున్నాడు. రెండో చరణం అందుకోబోయి ఠక్కున ఆపేసింది. వెనక వాయించేవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"మా అమ్మకి ఒక చెల్లెలుంది," అంది ఎత్నా, పక్కింటివాళ్ళతో మాట్లాడుతున్నంత మామూలుగా. "పేరు విన్నీ లావెల్. డాన్సు హాళ్ళలో పాడుతోందని ఆ రోజుల్లో చర్చి ఫాదరూ, మా తాతా కలిసి ఆవిడని కన్యాస్త్రీల మఠం లాండ్రీలో పడేసి తలుపు వేయించారు. ఆవిడ ఇంగ్లండ్ పోలేదు. చచ్చిపోనూ లేదు. ఇవాళ్టికీ అక్కడే బిషప్పుల అంగీలు ఇస్త్రీ చేస్తోంది. బిషప్ గారూ, వింటున్నారా? మా పిన్నిని మాకిచ్చేయండి."

తెర నల్లబడింది. కాసేపాగి గుర్రప్పందాలేవో వేశారు.

మా వంటింట్లో ఎవరూ గుర్రాల్ని చూడలేదు, ఒకళ్ళనొకళ్ళు అంతకన్నా చూడలేదు. నోనీ అత్త టీ సగంలో వదిలేసి కప్పు కింద పెట్టింది. ఫెస్టీ విస్కీ ఒక్క గుక్కలో మింగి, "వాన పడేటట్టుంది, దూడలు బయటున్నాయి," అని లేచాడు. అతనికి దూడలెక్కడివి? ఉన్న ఒక్క ఆవునీ కిందటేడే అమ్మేశాడు. అయినా అందరికీ ఒక్కసారిగా దూడలు గుర్తొచ్చి, ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు.

అమ్మ లేచి టీవీ ఆపేసింది. "మే నెలలో ఇంటి పూజ మన వంతు కార్మెల్," అంది నాతో. ఊరందరి కోసం ఫాదర్ వంతులవారీగా ఒక్కో ఇంటికి వచ్చి చేసే పూజ అది. "గోడలకి రంగు వేయాలి."

"అమ్మా, విన్నీ పిన్ని ఇంగ్లండ్‌లో ఉందన్నావు కదే!"

"మీగడ రంగు బాగుంటుందా, లేత ఆకుపచ్చా?" అంది అమ్మ.

అడగకూడని ప్రశ్నలేవో మా ఇళ్ళల్లో పిల్లలకి పాలతోపాటే తెలిసిపోతాయి. ఇంగ్లండ్ పిన్ని దగ్గర్నుంచి ఒక్క క్రిస్మస్‌కయినా కార్డు ఎందుకు రాలేదని నేనెన్నడూ అడగలేదు. ఆ రాత్రి పక్కమీద దొర్లుతుంటే అసలు సంగతి తట్టింది. అంతమంది కూర్చున్నారే, "అయ్యో, నిజమా!" అని ఒక్కరన్నారా? అందరికీ తెలుసు. ఒకరికి తెలుసని ఇంకొకరికీ తెలుసు. నోటితో అననంత వరకూ అది లేనట్టేనని అందరూ కలిసి ఒప్పందానికొచ్చి బతికేస్తున్నారు. వాళ్ళ గుండెల్లో రాయి పడింది విన్నీ పిన్ని సంగతి విని కాదు, ఆ మాట పైకి అనేసినందుకు.

ఆ తర్వాత రోజులు ఎట్లా గడిచాయో చెప్పమంటే చెప్పలేను. ఫోను మోగుతూనే ఉండేది, ఎత్తితే బూతులు. రేడియోలో ఎత్నా పాటలు ఆగిపోయాయి. టౌన్‌లో రికార్డుల కొట్టువాడు ఆమెవన్నీ అట్టపెట్టెల్లో కట్టి తిప్పి పంపేశాడు. కచేరీలు రద్దు. బిషప్ కార్యాలయం నుంచి పేపర్లో ప్రకటన పడింది, ఆమె క్షమాపణ చెప్పాలని. రికార్డు కంపెనీవాళ్ళూ చెప్పమన్నారు, ఒక్క మాటే కదా అన్నారు. నేను పనిచేసే సహకార దుకాణంలో ఆడవాళ్ళు నా గల్లా దగ్గరికి రాకుండా ఎదుటి వరసలో గంటలకొద్దీ నిలబడేవాళ్ళు. కాళ్ళు పీకినా సరే, నా చేతి గోధుమపిండి మాత్రం వాళ్ళకి పనికిరాదు!

ఇన్ని జరుగుతుంటే ఆ మహాతల్లి ఒక సంచీ భుజాన వేసుకొని మధ్యాహ్నం బస్సులో దిగింది.

"వచ్చావా? ఇంకేమైనా మిగిలిందా చెప్పడానికి?" అన్నాను గుమ్మంలోనే.

"నాదేం మిగల్లేదక్కా. మిగిలింది అమ్మే చెప్పాలి."

అమ్మ నిచ్చెన మీద ఉంది. మీగడ రంగు ఒకసారి వేసి, నచ్చలేదని పైన ఆకుపచ్చ వేసి, అదీ నచ్చక మళ్ళీ మీగడ రంగు అందుకుంది. కుంచె ఆపకుండానే, "బూట్లు బయట విప్పవే. ఇప్పుడే నేల కడిగాను," అంది.

"నువ్వు నీ చేత్తో ఆవిడ బట్టలు సర్దావా లేదా?"

"విప్పమన్నానా?"

"సర్దావా లేదా అమ్మా?"

అమ్మ కుంచె డబ్బాలో ముంచింది. "సర్దాను," అంది. "మా నాన్న పక్కనే నిలబడ్డాడు. ఇక విప్పు."

అంతే, మళ్ళీ నోరు విప్పితే ఒట్టు. ఎత్నా బూట్లు విప్పి, కాలుగాలిన పిల్లిలా వంటింటికీ దొడ్డికీ మధ్య తిరగడం మొదలుపెట్టింది. ఒకచోట కుదురుగా కూర్చోదు, తిండి సగంలో వదిలేస్తుంది, గిటారు పెట్టె మీద చెయ్యి వేసి తీసేస్తుంది. కిందికి దిగదు అమ్మ, నిలకడగా ఉండదు ఇది, మధ్యలో నేను. గోడలకి మూడు పూతలు పడ్డాయిగానీ ముగ్గురికీ మనశ్శాంతి లేదు.

ఏప్రిల్‌లో ఫాదర్ టార్పీ వచ్చాడు. మెత్తటి మనిషి, పిల్లి అడ్డం వచ్చినా నమస్కారం పెట్టే రకం. టీ కప్పు పట్టుకొని కుర్చీ అంచున కూర్చొని అమ్మతో అన్నాడు.

"డీలియా, నేను వేరేగా ఏమీ అనడం లేదు. పిల్ల ఒక్క మాట అంటే సరిపోతుంది. ఏదో ఆవేశంలో తొందరపడ్డానని. మిగతాది నేను చూసుకుంటాను."

"మా పిన్ని అక్కడుందా లేదా ఫాదర్?" అంది ఎత్నా.

"నేనీ ఊరి చర్చికి వచ్చి ఎంతోకాలం కాలేదమ్మా."

"ఎప్పుడొచ్చారని అడగలేదు. ఉందా లేదా అని అడిగాను."

ఫాదర్ ముఖం కందగడ్డలా అయింది. అమ్మ వైపు తిరిగి, "పూజ రోజు మటుకు పిల్లని ఎవరైనా చుట్టాలింటికి పంపితే మంచిదేమో. జనం ఇబ్బంది పడతారు," అన్నాడు గొణుగుతున్నట్టు.

అమ్మ టీ పాత్ర ఎత్తింది. "పూజ రోజు నా పిల్లలు నా ఇంట్లో ఉంటారు ఫాదర్. ఇంకో కప్పు పోయమన్నారా?"

నాకు అమ్మని పట్టుకొని ముద్దు పెట్టుకోవాలనిపించింది. అలాంటివి మా ఇంట్లో చేయం, అందుకని గిన్నెలు కడిగాను.

చలికాలంలో పొయ్యిలోకి బొగ్గులా కాల్చుకొనే పీట్ మట్టిగడ్డలు కోసే రోజులు వచ్చాయి. ఏటా ఊరంతా ఒక్కటై ఒకరి చిత్తడి నేల తర్వాత ఇంకొకరిది కోసేవాళ్ళు. ఆ ఏడు మా గట్టు మీదికి పురుగు కూడా రాలేదు. అవతలి గట్టున నోనీ అత్త కొడుకులు వీపు ఇటు తిప్పి కోసుకుంటున్నారు. ఎత్నా, నేనూ పార పట్టుకొని దిగాం. మధ్యాహ్నానికి నా నడుము రెండు ముక్కలైంది. దానికి అరచేతులు బొబ్బలెక్కాయి.

"ఇంత గొడవ అవసరమా చెప్పవే? ముందు మాకు చెబితే నోరు పడిపోయేదా?" అన్నాను.

"చెబితే మీరేం చేసేవాళ్ళు? గోడలకి రంగేసేవాళ్ళు." తడి గడ్డ ఒకటి పైకి విసిరింది. "చలికాలంలో టౌన్‌లో పాడాను చూడు, అప్పుడు మఠానికి రొట్టెలు వేసే ఆవిడ నా దగ్గరికొచ్చింది. నీ మొదటి రికార్డులో పాట మా లాండ్రీలో ఒకావిడ ఎన్నో ఏళ్ళుగా ఇస్త్రీ చేస్తూ కూనిరాగం తీస్తుంది, నువ్వెక్కడ విన్నావు అంది. మాటలు నేను కట్టినవే, వరస మా అమ్మ వెన్న చిలుకుతూ తీసేది అన్నాను. ఆ ఇస్త్రీ చేసే ఆవిడది ఏ ఊరని అడిగితే, డెర్రీవీన్ అని చెప్పిందట. పాడుతోందని ఫాదరూ, తండ్రీ తెచ్చి పడేశారనీ, బట్టలు అక్కే సర్దిందనీ కూడా చెప్పుకుందట."

పార అక్కడే పాతేసి కూర్చున్నాను.

"మర్నాడే వెళ్ళి గేటు దగ్గర అడిగాను. విన్నీ అనే మనిషి ఇక్కడ లేదని తలుపు వేశారు. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ వేశారు. తలుపు కొడితే తీయనివాళ్ళకి టీవీలో తప్ప ఎక్కడ వినబడుతుందక్కా?"

"నీ పాటలన్నీ పోయాయి కదే."

"పోనీ," అంది గానీ మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "పాటలు పోయినందుక్కాదు. ఇంత చేసి కూడా ఆవిడ ఇంకా లోపలే ఉంది చూడు. ఎవరూ కదల్లేదు. అమ్మ కూడా."

నేను లేచి పార అందుకున్నాను. దానికి మందు నా దగ్గరుంటేగా.

పూజ రోజు అందరూ వచ్చారు. రాక చస్తారా? ఇంటి పూజకి రాకపోతే ఆ ఇంటివాళ్ళని కాదు, దేవుణ్ణి అవమానించినట్టు. తలలు దువ్వుకొని, ఆదివారం కోట్లు తొడుక్కొని, తెల్లారేసరికి మా వంటింట్లో మోకాళ్ళ మీద ఉన్నారు. ఎత్నా మాత్రం దొడ్డి గుమ్మంలో, సగం లోపల సగం బయట నిలబడింది. వచ్చినవాళ్ళు అమ్మతో, "గోడలు బాగున్నాయి డీలియా," అన్నారు. నాతో, "రొట్టె నువ్వే కాల్చావా కార్మెల్," అన్నారు. ఎత్నా ఉన్న చోట గాలి తప్ప ఏమీ లేనట్టు చూపు తిప్పుకొని పోయారు. పూజ అయింది, గుడ్లూ, పంది మాంసం వేపుడూ పెట్టాం, ఫాదర్ టార్పీ తిని, చేతులు తుడుచుకొని, ఇంకో ఊళ్ళో పనుందని జారుకున్నాడు.

ఫాదర్ వెళ్ళగానే సీసాలు బల్ల మీదికొచ్చాయి, పాటలు మొదలయ్యాయి. మా వైపు దీనికో కట్టుబాటుంది. పాడినవాళ్ళ చేతికి పిలుపు వస్తుంది. తర్వాత ఎవరు పాడాలో వాళ్ళే పేరు పెట్టి పిలవాలి. పిలిచాక కాదనడానికి వీల్లేదు, గొంతు లేనివాడు కథైనా చెప్పి తీరాలి. ఇంటిల్లిపాది వంతూ అయ్యేదాకా ఎవర్నీ రెండోసారి పిలవకూడదు. పిలిచిన మనిషి పాడేదాకా మరొకరు నోరెత్తకూడదు. రాజునైనా పడగొడతారుగానీ పిలుపుని పడగొట్టరు మావాళ్ళు.

నన్ను తొందరగానే పిలిచారు. నాకు పాడ్డం రాదు, పొడుపు కథ ఒకటి చెప్పి గట్టెక్కాను. పిలుపు నా చేతికొచ్చింది. ఎత్నా వంక చూశాను. అది తల అడ్డంగా ఊపింది.

దగ్గరికెళ్ళి చెవిలో, "పిలుస్తానే," అన్నాను.

"వద్దు. నువ్వు పిలిస్తే అది లెక్కలోకి రాదు. వాళ్ళు పిలవాలి."

మొండి ఘటం! ఫెస్టీని పిలిచాను. ఫెస్టీకి వచ్చింది ఒకటే పాట, సంతలో తప్పిపోయిన గాడిద మీద, అందులో పదహారు చరణాలు. పదహారూ పాడాడు. అతను నోనీ అత్త పెద్ద కొడుకుని, వాడు తమ్ముణ్ణి, వాడు మరొకణ్ణి. పిలుపు గది చుట్టూ తిరుగుతోంది, దొడ్డి గుమ్మాన్ని మటుకు దాటిపోతోంది. దేశంలో అంత గొంతున్న మనిషిని గుమ్మంలో నిలబెట్టి, గొర్రెల కాపరి గురకలాంటి పాటకి చప్పట్లు కొడుతున్నారు! నా చేతిలో పళ్ళెం ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎవరి నెత్తినో పడేది.

చివరికి నోనీ అత్త పాడింది. పాడి, కళ్ళు తెరిచి చూసేసరికి, పిలవనివాళ్ళు ఇద్దరే మిగిలారు. ఒకరు ఎత్నా. రెండోది అమ్మ. అమ్మ పాడడం నేను పుట్టి ఎరగను. పని చేసుకుంటూ గొంతులో సన్నగా తీయడమే తప్ప నోరు తెరిచి పాడగా విన్నవాళ్ళు నా ఈడులో ఎవరూ లేరు, అందుకని మర్యాదకి ఆమెను ఎప్పుడూ వదిలేసేవాళ్ళు. నోనీ అత్త ఇటు చూసింది, అటు చూసింది. ఎత్నాని పిలవడానికి నోరు రాలేదు.

"డీలియా," అంది, నేల చూపులు చూస్తూ. "నా పిలుపు నీకు."

అమ్మ ఏప్రన్ విప్పి కుర్చీ మీద పెట్టింది. బల్ల అంచు పట్టుకొని నిలబడి పాడింది. పడవ రేవులో ఎదురుచూసే ఇద్దరు అక్కచెల్లెళ్ళ పాట. అదే వరస, ఎత్నా మొదటి రికార్డులోది. గొంతు బీటలు వారింది, కానీ ఒక్క స్వరం తప్పలేదు. మొదటి చరణం అయ్యాక ఆగింది. మర్చిపోయిందనుకున్నాం. పెదవులు కదులుతున్నాయిగానీ శబ్దం లేదు. ఆ చరణం పట్టేంతసేపూ అలాగే నిలబడి, మూడో చరణం అందుకుంది. నాలుగోది మళ్ళీ మౌనం. అప్పుడు అర్థమైంది నాకు, ఒకటి విడిచి ఒకటి ఇద్దరు పాడుకున్న పాట అది. గదిలో పెద్దవాళ్ళందరికీ అప్పటికే అర్థమైంది. ఫెస్టీ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

పాట అయింది. పిలుపు అమ్మ చేతిలో ఉంది. మిగిలింది ఎత్నా ఒక్కతే. అది గుమ్మంలోంచి లోపలికి అడుగు వేసింది, గొంతు సవరించుకుంది.

"నా పిలుపు విన్నీకి," అంది అమ్మ.

ఎవరో గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినబడింది.

"డీలియా," అంది నోనీ అత్త నెమ్మదిగా, "ఇంట్లో ఉన్నవాళ్ళని పిలవాలి కదమ్మా."

"ఈ ఇంటి మనిషే. రావడం ఆలస్యమైంది." అమ్మ మళ్ళీ ఏప్రన్ కట్టుకుంది. "వచ్చి పాడేదాకా పిలుపు తనదే. టీ ఎవరికి కావాలి?"

టీ ఎవరూ తాగలేదు. పాట సాగదు, కట్టుబాటు కాదనలేరు, కూర్చోలేరు. ఒక్కొక్కరే టోపీలు వెతుక్కున్నారు. నోనీ అత్త మాత్రం కుర్చీలోంచి లేవలేదు. అందరూ వెళ్ళాక ఏడుపు అందుకుంది, ముక్కూ కళ్ళూ ఏకం చేసి.

"విన్నీని తీసుకెళ్ళింది మా నాన్న కారే డీలియా. ఊళ్ళో ఉన్నది అదొక్కటే కదా. నేను వెనక సీట్లో ఉన్నాను, చిన్నపిల్లని. నాకు అది షికారు. టౌన్ దాకా ఏదో ఒకటి పాడుతూనే ఉంది నాకోసం. దిగేముందు, నోనీ, నువ్విప్పుడు పిలువు అంది. నేనెవర్ని పిలవను? నాకు సిగ్గేసి మాట్లాడలేదు."

అమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఎత్నా వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చుంది. ఇన్నాళ్ళకి మొదటిసారి అది ఒకచోట కూర్చోవడం చూశాను.

"కారు మాకిప్పుడూ ఉంది," అంది నోనీ అత్త, జేబురుమాలుతో ముఖం తుడుచుకుంటూ. "నాకు తోలడం వచ్చు. పదండి."

వెంటనే కుదరలేదు, మూడు వారాలు పట్టింది. ఫోను చేస్తే వాళ్ళు ఎత్తరు, ఎత్తితే పెద్ద సిస్టర్ లేరంటారు. నోనీ అత్తే విసిగిపోయి, "అడిగేదేంటి, పోదాం," అని ఒక మంగళవారం కారు మా గుమ్మంలో ఆపి హారన్ కొట్టింది. టౌన్ పొలిమేరలో అమ్మ, కిటికీలోంచి బయటికి చూస్తూనే, "ఒకసారి వచ్చాను," అంది. "కార్మెల్ కడుపులో ఉన్నప్పుడు. గేటు దాకా వచ్చాను. గంట కొట్టలేదు."

వెనక సీట్లో ఎత్నా నోరు తెరిచింది. నేను దాని తొడ గిల్లాను. మూసుకుంది.

మఠంలో ముసలి సిస్టర్ ఒకావిడ మమ్మల్ని మైనం వాసనేసే గదిలో కూర్చోబెట్టింది. "విన్నీనా? ఆ పేరుతో ఎవరూ లేరమ్మా," అంది. ఎత్నా లేవబోతే అమ్మ దాని మణికట్టు పట్టుకుంది.

"ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఉంటుంది, మా పొలం గేటు మీంచి పడి. మీరేం పేరు పెట్టుకున్నారో నాకు తెలీదు సిస్టర్. నా చెల్లెలు. తీసుకెళ్ళడానికొచ్చాను."

"ఓ, బెర్నడెట్!" అంది సిస్టర్. కాసేపు అమ్మ వంకే చూసింది. నిష్ఠూరంగా కాదు, ఉన్నమాట చెబుతున్నట్టే అంది: "ఇంటివాళ్ళు వచ్చి అడిగితే ఎప్పుడో పంపేవాళ్ళం. ఎవరూ అడగలేదు."

అమ్మ ముఖం చూడలేకపోయాను.

ఆవిడ వచ్చింది. పొట్టి మనిషి, కత్తిరించిన తెల్ల జుట్టు, మోచేతుల దాకా ఆవిరికి కందిన చేతులు. గుమ్మంలోనే ఆగి సిస్టర్ వంక చూసింది, లోపలికి రావచ్చా అన్నట్టు. సిస్టర్ తల ఊపాక వచ్చింది. అమ్మని ఎగాదిగా చూసింది.

"ముసలిదానివయ్యావక్కా," అంది.

అమ్మ కుర్చీలోంచి లేచింది. పిన్ని ఎత్నా వైపు తిరిగింది. "టీవీలో పిల్లవి నువ్వే కదూ? నా పేరు చెప్పమని నిన్నెవరడిగారు?"

ఎత్నా పాలిపోయింది. బిషప్‌ని నిలదీసిన మనిషి, పేపర్లవాళ్ళని గుక్క తిప్పుకోనివ్వని మనిషి, తల దించుకుంది.

"ఎవరూ అడగలేదు పిన్నీ. నిన్నొక మాట అడగాల్సింది. తప్పయింది. క్షమించు."

ఆ మాట కోసం కదా ఆ వసంతమంతా దేశం దాని వెంటపడింది! పేపర్లో వేయిస్తామన్నారు, పాటలు మళ్ళీ వేస్తామన్నారు, భయపెట్టారు, బతిమాలారు. ఒక్కరికీ చెప్పలేదు. ఈ గదిలో, కందిన చేతుల మనిషి ముందు, కన్నీళ్ళు కారుస్తూ చెప్పింది. తర్వాత కూడా ఇంకెవరికీ చెప్పలేదు. పోయిన కచేరీలు చాలావరకు పోయినట్టే పోయాయి.

"ఊఁ," అంది పిన్ని. "భోజనాల గదిలో అందరం కూర్చొని చూస్తున్నాం. నువ్వు ఆ పేరు అంటే, ఎవరో పాపం అనుకున్నాను. రాత్రికి గుర్తొచ్చింది, నేనే కదా అని. వారం రోజులు నీ మీద ఒళ్ళు మండింది. తర్వాత గేటు గంట మోగినప్పుడల్లా ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వినడం మొదలుపెట్టాను." అమ్మ వైపు తిరిగింది. "ఎంత ఆలస్యం చేశారక్కా!"

అమ్మ రెండడుగులు వేసి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. మావాళ్ళు కౌగిలించుకోరు. అలా పట్టుకొనే కారు దాకా నడిపించింది. నోనీ అత్త ముందు తలుపు తెరిచి పట్టుకొని నిలబడింది.

ఇంటికొచ్చేసరికి కబురు మాకంటే ముందే చేరింది. ఫెస్టీ గుమ్మంలో ఉన్నాడు, నోనీ అత్త కొడుకులున్నారు, నా దగ్గర గోధుమపిండి కొనని ఆడవాళ్ళు రొట్టెలూ, జాము సీసాలూ పట్టుకొని గోడవార నిలబడ్డారు. కాళ్ళు నేల మీద ఆనడం లేదు ఎవరికీ. ఏం మాట్లాడాలో తెలియక అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. పిన్నిని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టాం. బయటింకా బోలెడంత వెలుతురుంది.

"నువ్వు పాడాలమ్మా విన్నీ," అన్నాడు ఫెస్టీ, ఇక ఆగలేక. "పిలుపు నీ దగ్గరే ఉండిపోయింది. మూడు వారాలుగా ఈ ఊళ్ళో ఒక్కడు నోరెత్తలేదు. మొన్న పై ఇంట్లో బారసాల చావు ఇల్లులా జరిగింది. నా గాడిద పాట గొంతులో కుళ్ళిపోతోంది."

పిన్ని అందర్నీ చూసింది. "నేను పాడను," అంది.

"సరే, పోనీ, ఎవర్ని పిలుస్తావు?" అంది నోనీ అత్త. అందరి చూపూ ఎత్నా మీదికి పోయింది. నిజం చెప్పొద్దూ, ఈసారి వాళ్ళే కోరుకుంటున్నారు. ఎత్నా గిటారు పెట్టె మీద చెయ్యి వేసింది.

"ఎవరూ వద్దు," అంది పిన్ని. "అక్కడ పొద్దస్తమానం మిషన్ల హోరు. అవి ఆగితే ప్రార్థన. కాసేపు అందరూ ఊరుకోండి. చప్పుడు లేకపోతే ఎట్లా ఉంటుందో చూడాలి."

పిలుపు ఆవిడది. కాదనేదెవరు? ఎత్నా గిటారు పెట్టె మీంచి చెయ్యి తీసేసి నేల మీద చతికిలబడింది. నేనూ ఒక కుర్చీ లాక్కొని కూర్చున్నాను. పొయ్యిలో పీట్ గడ్డ చిటపటలాడి అదీ ఊరుకుంది. ఫెస్టీ ఒకసారి గొంతు సవరించుకోబోయాడు. పిన్ని అతని వంక చూసింది. నోరు మూసుకున్నాడు.

చాలాసేపయ్యాక పిన్ని కుర్చీలో వెనక్కి వాలింది.

"చాలు," అంది. "ఇప్పుడు టీ పెట్టు అక్కా."